కారు రిమోట్ తాళంచెవిలో లోపాలు

కారు రిమోట్ తాళంచెవి అనేది కారు తలుపులకు దూరం నుండి తాళం వేయడానికి, తీయడానికి ఉపయోగపడే చిన్న రేడియో పరికరం. వాడుకలో దీనిని రిమోట్ కీ అని, కారు రిమోట్ అని అంటారు. బటను నొక్కకుండానే, జేబులో ఉంచుకున్నంత మాత్రాన తలుపు తెరుచుకొని ఇంజిను మొదలయ్యే రకాన్ని స్మార్ట్ కీ అంటారు. ఇది పనిచేయకపోతే కారే పాడైనట్లు తోస్తుంది. నిజానికి రిమోట్ తాళంచెవి ఒకే పరికరం కాదు. చాలావరకు ఒకదానిపై ఒకటి ఆధారపడకుండా పనిచేసే మూడు పరికరాలను ఒకే ప్లాస్టిక్ తొడుగులో అమర్చినది. వీటిలో ఏది చెడిందన్న దానిని బట్టి చేయవలసిన పని మారుతుంది. సెల్లు పూర్తిగా అయిపోయిన తాళంచెవితో కూడా దాదాపు అన్ని కార్ల తలుపులూ తీయవచ్చు, ఇంజినును నడపవచ్చు. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే చిన్న సెల్లుతో పోయే లోపానికి కారును క్రేనుతో లాగించుకోవలసి వస్తుంది.

చరిత్ర

దూరం నుండి తాళం తీసే పద్ధతిని కార్లలో తొలుత ప్రవేశపెట్టినది ఫ్రాన్సుకు చెందిన రెనో సంస్థ. 1982లో ఆ సంస్థ తన ఫ్యూగో కారులో ఈ సౌకర్యాన్ని అందించింది. దానిని పాల్ లిప్‌షుట్జ్ రూపొందించాడు. ఆయన పేరులోని అక్షరాలను కలిపి ఫ్రాన్సులో ఇటువంటి రిమోట్‌ను "ప్లిప్" అని పిలవడం అలవాటయింది. అది పరారుణ కిరణాలతో పనిచేసేది కనుక టీవీ రిమోట్ వలె కారు వైపు గురిపెట్టి నొక్కవలసి వచ్చేది. తరువాత రేడియో తరంగాలు వాడుకలోకి రావడంతో గురి అవసరం తప్పింది.

కార్ల దొంగతనాలు పెరగడంతో తాళంచెవిలో ఒక చిప్పును అమర్చి, ఆ చిప్పును గుర్తిస్తేనే ఇంజిను నడిచేలా చేసే ఇమ్మొబిలైజర్ 1990లలో వ్యాపించింది. 1998 నుండి ఐరోపా సమాఖ్యలోనూ, 2001 నుండి ఆస్ట్రేలియాలోనూ కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. 1990ల చివర మెర్సిడెస్-బెంజ్ సంస్థ ఎస్-క్లాస్ కార్లలో స్మార్ట్ కీని తెచ్చింది.

భారతదేశంలో మారుతి సుజుకి తన ఇమ్మొబిలైజర్‌కు ఐక్యాట్స్ అని పేరు పెట్టింది. అయితే తక్కువ ధర కార్లలో చాలా కాలం రిమోట్ ఉండేది కాదు. కొన్న తరువాత విడిభాగాల దుకాణంలో సెంట్రల్ లాకింగు బిగించుకోవడం పరిపాటి. ఇలా బయట బిగించిన రిమోట్‌కు, కారుతో వచ్చిన తాళంచెవికి ఏ సంబంధమూ ఉండదు. లోపం వచ్చినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అటువంటి రిమోట్‌ను కారు సంస్థ సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళినా వారు చేయగలిగింది తక్కువ.

ఒకే తొడుగులో మూడు పరికరాలు

మొదటిది లోహపు తాళంచెవి. దీనికి విద్యుత్తుతో పని లేదు. సాధారణ తాళంచెవులలో ఇది బయటకే కనిపిస్తుంది, ఫ్లిప్ కీలలో మడిచి ఉంటుంది. స్మార్ట్ కీలలో లోపల దాగి ఉంటుంది. పక్కన లేదా వెనుక ఉన్న చిన్న గొళ్ళాన్ని జరిపి దీనిని బయటకు లాగాలి. ఏళ్ళ తరబడి స్మార్ట్ కీ వాడుతున్నవారిలో కూడా దీని సంగతి ఎరుగనివారు ఎక్కువే.

రెండవది ట్రాన్స్‌పాండర్. ఇది ఇమ్మొబిలైజర్‌కు జవాబు చెప్పే చిప్పు. పాత తాళంచెవులలో ఇది గాజు గొట్టం వలెనో, నల్లని చిన్న ముక్క వలెనో విడిగా ఉండేది. కొత్తవాటిలో రిమోట్ సర్క్యూట్ బోర్డుపైనే ఉంటుంది. దీనికి సెల్లు అవసరం లేదు. తాళంచెవిని ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పినప్పుడు, దాని చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దరిదాపు పౌనఃపున్యంలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నుండే చిప్పు తనకు కావలసిన శక్తిని తీసుకొని తన సంకేతాన్ని తిరిగి పంపుతుంది. అది సరిపోలితేనే ఇంజిను నియంత్రణ కంప్యూటరు ఇంజినును నడవనిస్తుంది.

మూడవది బటన్లతో పనిచేసే రేడియో రిమోట్. సెల్లు కావలసినది దీనికే. ఐరోపాలోను, భారతదేశంలో అమ్మే చాలా కార్లలోను ఇది 433.92 మెగాహెర్ట్జ్ వద్ద, ఉత్తర అమెరికాలోను జపానులోను ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. విదేశం నుండి తెప్పించిన అదే ఆకారపు రిమోట్ ఇక్కడి కారుకు పనికిరాకపోవడానికి తరచు ఈ తేడాయే కారణం.

స్మార్ట్ కీలో వీటితో పాటు కారు పిలుపును వినే భాగం ఒకటి ఉంటుంది. తలుపు పిడిని తాకినా, దానిపై బటను నొక్కినా కారు చిన్న పౌనఃపున్యంలో పిలుస్తుంది. ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్న తాళంచెవి ఆ పిలుపును విని రేడియో తరంగాలలో జవాబిస్తుంది. ఈ వినే పని నిరంతరం సాగుతుంది కనుక స్మార్ట్ కీలో సెల్లు త్వరగా అయిపోతుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష కారుతో పాటు ఇచ్చిన రెండవ తాళంచెవిని వాడి చూడడం. అది పనిచేస్తే లోపం మొదటి తాళంచెవిలో ఉన్నట్లు. రెండూ పనిచేయకపోతే లోపం తాళంచెవిది కాదు, కారుది అనుకోవాలి. రెండు సెల్లులూ ఒకేసారి అయిపోవడం అరుదు. అయితే రెండవ తాళంచెవి ఏళ్ళ తరబడి బీరువాలోనే ఉండి దాని సెల్లు ఎప్పుడో అయిపోయి ఉంటే ఈ పరీక్ష పక్కదారి పట్టిస్తుంది. కనుక దానిని అప్పుడప్పుడు వాడుతూ ఉండడం మంచిది.

రెండూ పనిచేయనప్పుడు మొదట అనుమానించవలసినది కారులోని 12 వోల్టుల బ్యాటరీని. అది నీరసిస్తే తాళంచెవి పంపే సంకేతాన్ని వినే నాథుడు కారులో ఉండడు. లోహపు తాళంచెవితో తలుపు తీసినప్పుడు లోపలి దీపం వెలగకపోయినా, మసకగా వెలిగినా ఇదే కారణం. అలా కాకుండా మూడు తలుపులు మూసుకొని ఒక్క తలుపు మాత్రం మూసుకోకపోతే ఆ తలుపులోని లాకు మోటారును చూడాలి. రిమోట్‌ను తప్పుపట్టవలసిన పని లేదు. ఒక తలుపు సరిగా పడకపోయినా, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నా చాలా కార్లు రిమోట్ మాట వినవు. ఇది లోపం కాదు, అలా చేసిన ఏర్పాటు.

ఒక్క తాళంచెవిలోనే లోపం ఉన్నప్పుడు లక్షణాన్ని బట్టి భాగాన్ని పసిగట్టవచ్చు. బటన్లు పనిచేయవు గానీ ఇంజిను మామూలుగా మొదలవుతుంది అంటే రేడియో భాగం లేదా సెల్లు చెడినట్లు. తలుపులు తెరుచుకుంటాయి గానీ ఇంజిను మొదలైన ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది, లేదా అసలు తిరగదు, డాష్‌బోర్డుపై తాళంచెవి బొమ్మో తాళం బొమ్మో మిణుకుతుంది అంటే ట్రాన్స్‌పాండర్‌ను కారు గుర్తించడం లేదన్నమాట. ఇటువంటప్పుడు తాళాల గుత్తిలో ఇంకొక కారు లేదా బైకు చిప్పు తాళంచెవి ఉందేమో చూసి, దానిని విడదీసి మళ్ళీ ప్రయత్నించాలి. రెండు చిప్పులు ఒకేసారి జవాబిస్తే కారు ఏదీ వినలేక తికమకపడుతుంది.

పైన చెప్పిన రెండవ లక్షణం తరచు కొత్త తొడుగు వేయించిన మర్నాడే కనిపించడం గమనార్హం. విరిగిన తొడుగును బజారులో మార్పించినప్పుడు సర్క్యూట్ బోర్డును కొత్తదానిలో పెట్టి, విడిగా ఉన్న ట్రాన్స్‌పాండర్ ముక్కను పాతదానిలోనే మరచిపోతారు. బటన్లు చక్కగా పనిచేస్తాయి, ఇంజిను మాత్రం నడవదు. కనుక పాత తొడుగును కారు నడిచేవరకు పారవేయరాదు.

కదలిక లేనప్పుడు నిద్రపోయే ఏర్పాటు గల స్మార్ట్ కీలు కూడా ఉన్నాయి. బల్లపైనో సంచిలోనో కదలకుండా ఉన్న ఇటువంటి తాళంచెవి చెడిపోయినట్లు కనిపించినా, చేతిలోకి తీసుకొని కాస్త కదిలిస్తే మేలుకుంటుంది.

సెల్లు

రిమోట్ పనిచేయకపోవడానికి అత్యంత సాధారణ కారణం సెల్లు అయిపోవడం. సాధారణంగా ఒక సెల్లు రెండు మూడేళ్ళు వస్తుంది. దూరం తగ్గడం దీని తొలి లక్షణం. ఇదివరకు వీధి చివర నుండి పనిచేసిన రిమోట్ కారు పక్కకు వస్తే గాని పనిచేయదు, లేదా రెండు మూడుసార్లు నొక్కవలసి వస్తుంది. కొన్ని కార్లలో డాష్‌బోర్డుపై హెచ్చరిక కూడా కనిపిస్తుంది. ఇటువంటి సమయంలో రిమోట్‌ను గడ్డం కింద ఆనించి నొక్కితే మరికొంత దూరం అందుతుంది. శరీరంలోని నీరు తరంగాల ప్రసారానికి తోడ్పడడం దీనికి కారణం. చూసేవారికి నవ్వు తెప్పించినా పార్కింగులో కారును వెదుక్కునేవారికి ఇది అక్కరకు వచ్చేదే.

ఈ సెల్లులు నాణెం ఆకారంలో ఉండే 3 వోల్టుల లిథియం సెల్లులు. వీటి పేరులోనే కొలత ఉంటుంది. సీఆర్2032 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2025 మందం 2.5 మిల్లీమీటర్లు, సీఆర్2016 మందం 1.6 మిల్లీమీటర్లు. వోల్టేజి, వ్యాసం ఒకటే కనుక దుకాణదారు ఒకదానికి బదులు ఇంకొకటి ఇవ్వడం జరుగుతుంది. పలుచని సెల్లు మొదట పనిచేసినట్లే ఉండి, కుదుపుకు స్పర్శ తప్పి అప్పుడప్పుడు ఆగిపోతుంది. దీనిని రిమోట్ లోపంగా పొరబడడం కద్దు. పాత సెల్లుపై చెక్కి ఉన్న సంఖ్యనే కొత్తదానిపైనా చూసుకోవాలి.

కొత్త సెల్లు మల్టీమీటరుపై 3 వోల్టులకు కొంచెం పైన చూపిస్తుంది. అయితే లిథియం సెల్లు వోల్టేజి జీవితకాలంలో ఎక్కువ భాగం నిలకడగా ఉండి చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. పైగా మీటరుపై బాగానే కనిపించిన సెల్లు బటను నొక్కినప్పుడు కావలసిన విద్యుత్తును ఇవ్వలేకపోవచ్చు. అందుచేత మీటరును నమ్మడం కంటే కొత్త సెల్లు వేసి చూడడమే చవకైన పరీక్ష.

తొడుగు అంచున ఉన్న గాడిలో నాణెమో చదునైన స్క్రూడ్రైవరో పెట్టి మెల్లగా తిప్పితే అది రెండుగా విడిపోతుంది. పాత సెల్లు ధన వైపు పైకి ఉందో కిందికి ఉందో ముందే చూసుకోవాలి. కొత్తదానిని అంచులు పట్టుకొని పెట్టి, చేతి జిడ్డు అంటితే పొడిబట్టతో తుడవాలి. సెల్లును పట్టి ఉంచే లోహపు రెక్కలు అణగిపోయి ఉంటే కొంచెం పైకి లేపాలి. చాలా కార్లలో సెల్లు మార్చినందువల్ల తాళంచెవి జత చెడదు. ఆ వివరాలు కరెంటు లేకున్నా నిలిచే జ్ఞాపకశక్తిలో ఉంటాయి.

పిల్లలు మింగకుండా కొన్ని సంస్థలు సెల్లుపై చేదు పూత వేస్తున్నాయి. ఈ పూత కొన్ని పరికరాలలో విద్యుత్ స్పర్శకు అడ్డుపడుతుంది. ఆపిల్ సంస్థ తన ఎయిర్‌ట్యాగ్ విషయంలో ఈ హెచ్చరికే చేసింది. కొత్త సెల్లు వేసినా రిమోట్ పనిచేయకపోతే పూత లేని సెల్లుతో మరొకసారి చూడాలి.

సెల్లును పిల్లలు మింగడం

రిమోట్ తాళంచెవి వల్ల ఇంటిలో కలిగే ప్రమాదాలలో ఇది అతి తీవ్రమైనది. 20 మిల్లీమీటర్ల సెల్లు చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడి వల్ల విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువం వద్ద తీవ్రమైన క్షారం పుట్టి, రెండు గంటలలోనే కండను కాల్చివేస్తుంది. సెల్లు పగిలి కారనవసరం లేదు. కారు రిమోట్‌కు పనికిరానంతగా నీరసించిన సెల్లులో కూడా ఇంతటి గాయం చేయగల శక్తి మిగిలి ఉంటుంది. కనుక తీసివేసిన పాత సెల్లును బల్లపై వదలరాదు. దాని రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందకుండా ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలతో అప్పగించాలి.

మింగినట్లు అనుమానం కలిగినా వాంతి చేయించకుండా, లక్షణాల కోసం వేచి ఉండకుండా ఎక్స్-రే సౌకర్యం గల ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అంబులెన్సు కోసం 108కు ఫోను చేయవచ్చు. ఎక్స్-రేలో నాణెం ఒకే అంచుతో, సెల్లు జంట అంచుతో కనిపిస్తాయి. తేనె ఈ కాలుడును తగ్గిస్తుందని పందిపిల్లలపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. దాని ఆధారంగా ఏడాది నిండిన పిల్లలకు, మింగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి వెళ్ళే దారిలో తేనె ఇవ్వవచ్చునని సూచిస్తున్నారు. దాని కోసం ప్రయాణం ఆలస్యం చేయరాదు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వరాదు.

బటన్లు, నీరు, పగుళ్ళు

కొత్త సెల్లుతో కూడా ఒక్క బటను మాత్రమే పనిచేయకపోతే దాని కింది చిన్న స్విచ్ అరిగినట్లు. అందరూ ఎక్కువగా నొక్కేది తాళం తీసే బటనే కనుక ముందుగా పోయేది అదే. ఎలక్ట్రానిక్ వస్తువులు మరమ్మత్తు చేసేవారు ఈ స్విచ్‌ను తక్కువ ఖర్చుతో మార్చగలరు. కింద పడిన రిమోట్‌లో సెల్లు రెక్కల వద్ద టంకం పగలడం, తరంగాల పౌనఃపున్యాన్ని నిలిపే స్ఫటికం చిట్లడం జరుగుతుంది. గట్టిగా అదిమితే పనిచేసి, వదిలితే ఆగే రిమోట్‌లో టంకం పగిలిందని చెప్పవచ్చు.

బట్టలతో పాటు వాషింగ్ మెషీనులో తిరిగిన రిమోట్‌ను పనిచేస్తుందేమోనని నొక్కి చూడడం పెద్ద పొరపాటు. తడిలో విద్యుత్తు ప్రవహించడం వల్లనే రాగి గీతలు తినివేయబడతాయి. ముందు సెల్లు తీసివేసి, తొడుగు విప్పి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తగా తుడిచి, గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ప్రత్యేక ప్రయోజనం లేదు, దుమ్ము చేరుతుంది. మండుటెండలో డాష్‌బోర్డుపై ఉంచడం అంతకంటే చేటు. ట్రాన్స్‌పాండర్ సాధారణంగా నీటికి తట్టుకుంటుంది కనుక బటన్లు పోయినా ఇంజిను నడుస్తుంది.

సంకేతం వరుస తప్పడం

తొలి రిమోట్లు ఎప్పుడూ ఒకే సంకేతాన్ని పంపేవి. దానిని పట్టి దాచుకొని మళ్ళీ పంపితే దొంగకూ తలుపు తెరుచుకునేది. దీనికి విరుగుడుగా ప్రతిసారీ మారే సంకేతాన్ని తెచ్చారు. రిమోట్ ప్రతి నొక్కుకూ ఒక అంకెను పెంచి, దానిని రహస్యలిపిలోకి మార్చి పంపుతుంది. కారు చివరిసారి విన్న అంకెను గుర్తుంచుకొని, దానికి ముందున్న వాటిని తిరస్కరిస్తుంది.

కారుకు దూరంగా ఉన్నప్పుడు పిల్లలు రిమోట్‌తో ఆడుకుంటే అంకె రిమోట్‌లో ముందుకు పోతుంది, కారులో అక్కడే ఉంటుంది. ఎక్కువగా వాడిన కీలాక్ అనే పద్ధతిలో 16 అంకెల తేడా వరకు కారు పట్టించుకోదు. అంతకు మించి, సుమారు 32 వేల లోపు తేడా ఉంటే వరుసగా రెండు సంకేతాలు వింటే గాని తెరవదు. మొదటి నొక్కుకు పలకని రిమోట్ వెంటనే రెండవ నొక్కుకు పలకడానికి ఇది ఒక కారణం. పూర్తిగా వరుస తప్పితే తిరిగి జత చేయాలి. కొన్ని పాత కార్లలో తాళంచెవిని ఇగ్నిషన్‌లో తిప్పి, కొన్ని సెకన్లలో బటను నొక్కితే సరిపోతుంది. ఆ క్రమం కారుకు కారుకూ మారుతుంది కనుక యజమాని పుస్తకంలో చూడాలి.

బయటి తరంగాల ఆటంకం

ఒకే చోట మాత్రమే పనిచేయని రిమోట్‌లో లోపం ఉండదు. కారును కొద్ది దూరం జరిపితే పనిచేస్తుంది. రిమోట్ వాడే పౌనఃపున్యాలలోనే గేట్లు, కాలింగ్ బెల్లులు, ఇతర చిన్న పరికరాలు కూడా పనిచేస్తాయి. 2019లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్త్ ఓల్మ్‌స్టెడ్ ప్రాంతంలో కొన్ని వారాల పాటు ఒక పేటలోని కారు రిమోట్లు, గ్యారేజీ తలుపుల రిమోట్లు పనిచేయలేదు. వెదకగా వెదకగా, ఒక నివాసి తన ఇంటిలో పై అంతస్తుకు ఎవరైనా వస్తే తెలియడానికి సొంతంగా తయారుచేసుకున్న పరికరం 315 మెగాహెర్ట్జ్ వద్ద ఎడతెగకుండా ప్రసారం చేస్తున్నట్లు బయటపడింది. తన పరికరం ఇంత పని చేస్తున్నదని ఆయనకే తెలియదు. అందులోని బ్యాటరీ తీసివేయగానే పేటలోని రిమోట్లన్నీ బాగుపడ్డాయి.

స్మార్ట్ కీని మొబైల్ ఫోను, ల్యాప్‌టాప్, నాణేల సంచి పక్కనే ఉంచినా జవాబు తప్పవచ్చు. విడిగా పట్టుకొని చూడాలి.

సెల్లు లేని తాళంచెవితో కారు తీయడం, నడపడం

స్మార్ట్ కీ నుండి లోహపు తాళంచెవిని బయటకు లాగి డ్రైవరు తలుపు వద్ద వాడాలి. కొన్ని కార్లలో తాళం రంధ్రం కనిపించదు. తలుపు పిడి చివర ఉన్న మూత కింద ఉంటుంది, తాళంచెవి కొనను మూత అడుగున ఉన్న సందులో పెట్టి లేపితే ఊడి వస్తుంది. ఇలా తీసినప్పుడు దొంగల అలారం మోగవచ్చు. కారు తన ట్రాన్స్‌పాండర్‌ను గుర్తించగానే అది ఆగుతుంది కనుక కంగారు పడవలసిన పని లేదు. ఏళ్ళ తరబడి వాడని తాళం దుమ్ముతో బిగుసుకుపోతుంది. ఏడాదికి రెండుసార్లయినా లోహపు తాళంచెవితో తీసి మూయడం ఈ చిక్కును తప్పిస్తుంది.

ఇంజిను కోసం స్మార్ట్ కీని స్టార్టు బటనుకు తాకించి, బ్రేకు తొక్కి బటను నొక్కాలి. కొన్నిటిలో తాళంచెవితోనే బటనును నొక్కాలి. మరికొన్నిటిలో కప్పు పెట్టుకునే చోటో, స్టీరింగు పక్కనో దీనికి ప్రత్యేకమైన చోటు ఉంటుంది. అక్కడి తీగచుట్ట నుండి ట్రాన్స్‌పాండర్ శక్తిని తీసుకొని సెల్లు లేకుండానే జవాబిస్తుంది. ఆ చోటు ఎక్కడో ఒకసారి ఇంటివద్దనే చూసి పెట్టుకోవడం రాత్రిపూట ఘాటు రోడ్డులో వెదకడం కంటే మేలు.

కారులో పిల్లలు చిక్కుకున్నప్పుడు

తాళంచెవి లోపల ఉండగా తలుపులు పడిపోవడం, రిమోట్ చేతిలో ఉన్న పసివాడు లోపల నుండి తాళం నొక్కడం జరుగుతూ ఉంటాయి. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి పది నిమిషాలలోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పసిపిల్లల శరీరం పెద్దవారి శరీరం కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. అటువంటప్పుడు రెండవ తాళంచెవి నిమిషాలలో చేతికి రాదనుకుంటే అద్దం పగులగొట్టాలి. ముందు అద్దం పొరలతో అతికించినది కనుక పగిలినా ఊడిరాదు. చాలా కార్లలో పక్క అద్దం దెబ్బకు చిన్న ముక్కలుగా రాలిపోతుంది. పిల్లలకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని ఎంచుకొని, గట్టి మొన గల వస్తువుతో మూలన కొట్టాలి.

తాళంచెవి ప్రమేయం లేకుండా కూడా ఈ ప్రమాదం జరుగుతుంది. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక మరణించారు. అంతకు నెల రోజుల ముందు రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ ప్రాంతంలోని దామరగిద్దలో ఇద్దరు బాలికలు ఇలాగే చనిపోయారు. రిమోట్ సరిగా పనిచేయడం లేదని ఇంటి ముందు కారుకు తాళం వేయకుండా వదలివేయడం ఎంత ప్రమాదమో ఈ ఘటనలు తెలుపుతాయి. రిమోట్ చెడితే లోహపు తాళంచెవితోనైనా తాళం వేయాలి.

దొంగతనాలు

తాళం పడలేదంటే ప్రతిసారీ రిమోట్‌దే తప్పు కాకపోవచ్చు. అదే పౌనఃపున్యంలో రొద పుట్టించి సంకేతాన్ని కారుకు చేరనివ్వని దొంగలు కూడా ఉంటారు. నొక్కిన తరువాత ఇండికేటర్లు వెలిగాయో లేదో చూసి, తలుపు పిడిని ఒకసారి లాగి చూడడం దీనికి చాలు.

రహస్యలిపులు కూడా శాశ్వతంగా నిలవలేదు. 40 బిట్ల తాళంతో పనిచేసే ఒక ట్రాన్స్‌పాండర్ లిపిని 2005లో, కీలాక్‌ను 2007, 2008 సంవత్సరాలలో పరిశోధకులు ఛేదించారు. స్మార్ట్ కీ విషయంలో లిపిని ఛేదించనవసరమే లేదు. ఇద్దరు దొంగలలో ఒకరు కారు వద్ద, మరొకరు ఇంటి గోడ వద్ద నిలబడి కారు పిలుపును, తాళంచెవి జవాబును ఒకరి నుండి ఒకరికి అందించుకుంటే చాలు. జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఈ పద్ధతిని 8 సంస్థలకు చెందిన 10 కార్లపై చేసి చూపించారు. ఇంటిలో తాళంచెవిని లోహపు డబ్బాలో ఉంచడం దీనికి వాడే విరుగుడు. డబ్బా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి దానిని కారు పక్కకు తీసుకువెళ్ళి తలుపు పిడి తాకి చూడాలి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

కొత్త తాళంచెవి

బాగుచేయడానికి వీలుకానప్పుడు కొత్తదానిని కారుకు పరిచయం చేయించాలి. డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు పరికరం తగిలించి ఈ పని చేస్తారు. సర్వీసు కేంద్రాలతో పాటు నగరాలలో కొందరు తాళాల పనివారి వద్ద కూడా ఈ పరికరాలు ఉన్నాయి. ఒక్క తాళంచెవి అయినా పనిచేస్తూ ఉండగా రెండవది చేయించడం సులభం. అన్నీ పోయిన తరువాత చేయించడం ఖర్చుతోను, కాలహరణంతోను కూడిన పని. అందుచేత రెండవ తాళంచెవి చెడినప్పుడే బాగుచేయించుకోవాలి. కారుతో ఇచ్చిన తాళంచెవి సంఖ్య, రహస్య సంఖ్య గల కార్డును కారులో కాక ఇంటిలో దాచాలి.

కొన్ని భీమా సంస్థలు అదనపు రుసుముపై తాళంచెవి మార్పు ఖర్చును భరిస్తాయి. కారు దొంగతనానికి గురైతే పరిహారం ఇచ్చే ముందు భీమా సంస్థలు సాధారణంగా తాళంచెవులన్నిటినీ అప్పగించమంటాయి. కనుక చెడిపోయిన తాళంచెవిని కూడా పారవేయకుండా ఉంచాలి. పోయినట్లయితే పోలీసులకు ఫిర్యాదు చేసి ఆ పత్రం దాచుకోవాలి.

పాత కారు కొన్నవారు తమ చేతికి వచ్చిన తాళంచెవులు తప్ప మిగిలినవన్నీ కారు జ్ఞాపకం నుండి తుడిపించుకోవాలి. తుడిచిన తరువాత ఆ పాత రిమోట్‌తో ఇంజిను నడవదు. కానీ దాని లోహపు తాళంచెవి తలుపును తీస్తూనే ఉంటుంది, దానిని ఆపాలంటే తలుపు తాళాన్నే మార్చాలి.